బరంపురం వచ్చారా? నాలుక కంటే ముందు చెవి సంగతి చూడండి

ఇచ్ఛాపురం దాటిన అరగంటకల్లా బరంపురం స్టేషన్ వస్తుంది. దిగగానే ఆటో అతను తెలుగులో పలకరించవచ్చు. టీ కొట్టు దగ్గర తెలుగు వినిపిస్తుంది. వి.వి. గిరి పుట్టిన ఊరు ఇది, తెలుగు ఇక్కడ నిన్న మొన్న వచ్చింది కాదు. అసలు చిక్కు అదే. తెలుగుతోనే రోజులు గడిచిపోతాయి కనుక ఒడియా నేర్చుకోవడం రేపటికీ ఎల్లుండికీ వాయిదా పడుతూ ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన నేను మొదటి ఏడాది అలాగే గడిపాను. రెండో ఏడాది బుద్ధి తెచ్చుకుని ఒక పుస్తకం కొని మాటలన్నీ వల్లె వేశాను. మాటలు వచ్చాయి. అయినా నేను ఒకటి అంటే ఎదుటివారికి మరొకటి వినిపించేది. తప్పు నాలుకది అనుకున్నాను.

ఒకసారి కాలు బెణికి ఒక క్లినిక్‌కు వెళ్ళాను. ఒడియాలో కాలిని ‘గోడొ’ అంటారు. నేను ఒత్తులు పలకడం లేదని అప్పటికే ఆఫీసులో ఆటపట్టిస్తున్నారు. ఈసారి లోటు రాకూడదని బాగా ఒత్తి పలికి, ‘మో ఘోడా బింధుఛి’ అన్నాను. ఘోడా అంటే గుర్రం. నా గుర్రానికి నొప్పిగా ఉందని చెప్పానన్నమాట. కాంపౌండరు నవ్వకుండా, ఎంతో మర్యాదగా, పశువుల ఆసుపత్రికి దారి చెప్పాడు.

ఆ ఒక్క మాటలో నేను చేసినవి రెండు తప్పులు. ఒత్తు అక్కరలేని చోట పెట్టాను, చివరి అచ్చు మార్చేశాను. కొత్తగా వచ్చిన తెలుగువారు దాదాపు అందరూ ఈ రెండు చోట్లే జారిపడతారు కాబట్టి వీటి గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

ముందు ఒత్తులు. ఆ పేరే మనను తప్పుదారి పట్టిస్తుంది. ‘ఒత్తి పలకాలి’ అనగానే బలమంతా ఉపయోగించి గట్టిగా అంటాం. కావలసింది బలం కాదు, ఊపిరి. పాత వ్యాకరణాల్లోని ‘మహాప్రాణం’ అన్న పేరే సరైనది. ‘త’ అన్నప్పుడు నాలుక పళ్ళ వెనుక నుంచి విడివడగానే గొంతులోని నాదతంతువులు కంపించడం మొదలుపెడతాయి. ‘థ’ అన్నప్పుడు నాలుక విడివడ్డాక కాసేపు ఊపిరి మాత్రమే బయటికి పోతుంది, ఆ తరువాతే కంపనం. ఆ కాసేపు అంటే సెకనులో పదో వంతు లోపే. లిస్కర్, అబ్రామ్సన్ అనే ఇద్దరు 1964లో పదకొండు భాషల్లో ఈ వ్యవధిని కొలిచారు. వాటిలో హిందీ, మరాఠీ, తమిళం కూడా ఉన్నాయి. ఘ, ధ, భ లాంటి వాటిని విడదీయడానికి ఈ కొలత ఒక్కటే చాలదని కూడా అప్పుడే తేలింది. వాటిలో కంపనం ఆగదు. తంతువులు వదులై, కంపిస్తూనే ఊపిరిని కూడా వదులుతాయి. నిట్టూరుస్తూ ‘బ’ అంటే ‘భ’కు దగ్గరికి వస్తారు.

పరీక్ష తేలిక. పలచని కాగితం ముక్కను నోటి ముందు వేలాడదీసి ‘తాళి’ అనండి, తరువాత ‘థాళి’ అనండి. మొదటిది ఒడియాలో చప్పట్లు, రెండోది పళ్ళెం. రెండోదానికి కాగితం కదలాలి. కదలకపోతే హోటల్లో పళ్ళెం అడగబోయి చప్పట్లు అడిగినట్టే. ‘దానొ’ దానం, ‘ధానొ’ వడ్లు. ‘బాతొ’ వాతం, ‘భాతొ’ అన్నం. ఇంటి దగ్గర మనం ‘బారతం’ అన్నా ‘భారతం’ అన్నా ఎవరికీ అర్థం మారదు. ఇక్కడ మారుతుంది.

‘అర్థం మారదు’ అని ఇప్పుడే రాశాను కదా. తెలుగు పత్రికల్లో, గోడల మీద, పెళ్ళి పిలుపుల్లో ఇదే మాట ఎన్నిసార్లు ‘అర్ధం’గా కనిపించిందో గుర్తు చేసుకోండి. అర్ధం అంటే సగం. ‘విద్యార్ధి’ కూడా అంతే. ఇవి చేతి పొరపాట్లు కావు. మన చెవి ఆ రెంటినీ వేరుచేయడం మానేసింది, అందుకే కలం కూడా మానేసింది. ‘కథ’ను మనలో చాలామంది ‘కధ’ అనో ‘కద’ అనో పలుకుతాం. ఒడియాలో ‘కొథా’ అంటే మాట. అక్కడ ‘థ’ను నిజంగానే ‘థ’ అంటారు, గొంతు మోగదు. ఈ ఒక్క మాట సరిగ్గా పలకడానికి నాకు నెల రోజులు పట్టింది.

చెవి ఎప్పుడు మానేస్తుందన్న దానికి 1984లో వచ్చిన ఒక అధ్యయనం ప్రసిద్ధం. వర్కర్, టీస్ అనే పరిశోధకులు కెనడాలో ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని పసిపిల్లలకు హిందీ ‘త’, ‘ట’ వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా పసిగట్టారు. ఏడాది నిండే సరికి ఆ శక్తి చాలావరకు పోయింది. ఇంట్లో అక్కరకు రాని తేడాను చెవి పక్కన పెట్టేస్తుంది. కాబట్టి చంటిపిల్లలతో వచ్చినవారు ఒక పని చేయండి: సాయంత్రం పూట పిల్లలను పక్కింటి ఒడియా పిల్లల మధ్య వదిలేయండి. వారికి ఈ వ్యాసం అవసరం లేదు.

పెద్దవారికి దారులు మూసుకుపోలేదు. ఇంగ్లీషులోని ర, ల తేడా పట్టలేని జపాన్‌వారికి అమెరికాలో శిక్షణ ఇచ్చి చూశారు. 1991లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, ఒకే గొంతు కాకుండా పలువురి గొంతులతో అవే మాటల జతలను మూడు వారాల పాటు వినిపిస్తే వినికిడి మెరుగైంది. నేను దీన్ని ఇక్కడికి తగినట్టు మార్చుకున్నాను. ఒకే స్నేహితుడి దగ్గర నేర్చుకోవడం మానేసి కూరగాయలమ్మే ఆమె, బస్సు కండక్టరు, పక్కింటి తాతగారు, ఆకాశవాణి వార్తలు, ఇలా దొరికిన ప్రతి గొంతునూ విన్నాను. ఆకాశవాణికి బరంపురంలోనూ జయపురంలోనూ కేంద్రాలున్నాయి. కొరాపుట్ వైపు వెళ్ళేవారికి రెండోది పనికొస్తుంది. మొదట అర్థం కోసం వినకండి. ఊపిరి ఎక్కడ వస్తోందో అదొక్కటే వినండి.

ఇక గుర్రం కథలోని రెండో తప్పు. ఒడియాలో ‘అ’ మన ‘అ’ కాదు. దవడ కిందికి దిగి, పెదవులు కొంచెం గుండ్రమై, ‘అ’కూ ‘ఒ’కూ నడుమ పుడుతుంది. మనకు అది ‘ఒ’గా వినిపిస్తుంది, తెలుగు లిపిలో రాయడానికి మరో దారి లేక నేనూ అలాగే రాస్తున్నాను. కానీ ఒడియాలో అసలైన ‘ఓ’ వేరే ఉంది. ‘ఘొరొ’ అంటే ఇల్లు, ‘ఘోరొ’ అంటే భయంకరం. ‘చొరొ’ గూఢచారి, ‘చోరొ’ దొంగ. వీటిని చూడగానే మనం హ్రస్వం, దీర్ఘం అనుకుంటాం. వారి లెక్క అది కాదు, నోరు ఎంత తెరుచుకుందన్నదే లెక్క. ఒడియా పలుకులో అచ్చు పొడవు అర్థాన్ని మార్చదు. ఇ, ఈలను రాతలో వేరుగా రాసినా ఒకేలా పలుకుతారు. అందుకే మన ‘కొన’, ‘కోన’, లేదా ‘కుడి’, ‘కూడి’ వారి చెవికి ఒకటే అనిపించవచ్చు. మీ దగ్గర తెలుగు నేర్చుకుంటున్న ఒడియా మిత్రుడు ఇక్కడ తడబడితే, మీరు థాళి దగ్గర తడబడింది గుర్తుంచుకుని ఊరుకోండి.

హిందీ వచ్చినవారికి ఒక హెచ్చరిక. ‘ఘర్’, ‘భాత్’ అని చివర తుంచకండి. తెలుగులాగే ఒడియా మాట కూడా చాలావరకు అచ్చుతోనే ముగుస్తుంది. అజంత భాషలో పుట్టినవారు ఈ సుఖాన్ని వదులుకుని హిందీ గుండా ఒడియాలోకి వెళ్ళడం నాకు వింతగా ఉంటుంది. ళ, ణల విషయంలోనూ మనదే పైచేయి. ‘పాణి’ అంటే నీళ్ళు, ‘కొళా’ అంటే నలుపు. హిందీవారు వీటి దగ్గర చెమటలు కక్కుతారు, చెమటను ఒడియాలో ‘ఝాళొ’ అనడం మరో ముచ్చట. అయితే మనలో కొందరు మాటల్లో ళను లగా, ణను నగా తేల్చేస్తారు. ఆ అలవాటుంటే సరిహద్దు అవతలే వదిలి రండి.

అరసున్న గుర్తుందా? బడిలో పాత పద్యాల్లో చూసి, ఎందుకున్నదో తెలియక దాటేసిన గుర్తు. ఒడియాలో దాని తోబుట్టువు బతికే ఉంది. ‘ముఁ’ అంటే నేను, ‘గాఁ’ అంటే ఊరు, ‘హఁ’ అంటే అవును. మనం వీటిని నిండు సున్నతో ‘ముం’, ‘గాం’ అని పెదవులు మూసేస్తాం. మూయకూడదు. నోరు తెరిచే ఉండాలి, అంగిలి వెనుక భాగం కిందికి దిగి గాలి ముక్కు గుండా కూడా పోవాలి. పడిశం పట్టినప్పుడు ఈ అభ్యాసం చేయకండి, ఫలితం ఉండదు.

చ, జల గురించి రెండు మాటలు చాలు. తెలుగులో చెట్టులోని ‘చ’ వేరు, చాపలోని ‘చ’ వేరు. పాత నిఘంటువులు రెండోదానికి ౘ అనే అక్షరమే వాడాయి. ఒడియా ‘చారి’ని (నాలుగు) చాపలో లాగా కాకుండా చెట్టులో లాగా మొదలుపెట్టండి. ఈ రెండు చలూ మరాఠీలో ఉన్నాయి కనుక, గడ్చిరోలి జిల్లా సిరోంచ వైపు వెళ్ళే మనవారికి ఈ బాధ తక్కువ.

పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాలకు వెళ్ళేవారికి ఒడియాతో పాటు సవర కూడా వినిపిస్తుంది. అందులో గొంతును చటుక్కున మూసి ఆపే ధ్వని ఒకటుంది, మన వర్ణమాలలో దానికి చోటే లేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ గిడుగు రామమూర్తి ఆ భాషను మాట్లాడేవారి దగ్గరే నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడకం వల్ల వినికిడి పోగొట్టుకున్న మనిషి ఆయన. ఒత్తులు వినబడటం లేదని ఎవరైనా నా దగ్గర వాపోతే ఈ సంగతే చెబుతుంటాను.

చివరిగా మీ పేరు. ఒడియాలో ‘వ’ సాధారణంగా ‘బ’ అవుతుంది. శ, ష, స మూడూ రాతలో వేరైనా పలుకులో ‘స’ ఒక్కటే. ‘క్ష’ను ‘ఖ్య’ అంటారు. కాబట్టి విజయ ‘బిజొయొ’ అవుతుంది, శేషు ‘సేసు’ అవుతాడు. ఎవరూ ఎగతాళి చేయడం లేదు. ‘ఆజ్ఞా’ను ‘ఆగ్యాఁ’ అని పలికితే అది మీకు ఇచ్చే ఆదేశం కాదు, ‘చిత్తం, అయ్యా’ అనే మర్యాద; మీరూ పెద్దవారితో అదే వాడండి. పలుకు విని నొచ్చుకోనక్కరలేదు గానీ కాగితాల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. మీరు నోటితో చెప్పిన పేరును గుమాస్తా తన చెవికి అందినట్టు రాసుకుంటాడు. వెంకట ‘బెంకట’గా మారి, ఇంగ్లీషు అక్షరాల్లో మీ ఆధార్‌కు సరిపోలకపోతే నెలల తరబడి తిరగాల్సి వస్తుంది. అద్దె ఒప్పందానికైనా బడి దరఖాస్తుకైనా పేరును ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో ఒక చీటీ మీద రాసి చేతికివ్వండి.