రోహిణి కార్తె రాకముందే ఏసీ మెకానిక్ చూసుకోవలసినవి

నెల్లూరు, ఒంగోలు వైపు ఉగాది దాటిందంటే ఏసీ మెకానిక్ ఫోన్‌ మోగుతూనే ఉంటుంది. ఒక ఇంట్లో పని అయ్యేలోపే ఇంకో ఇంటివాళ్లు ‘బయల్దేరారా’ అని అడుగుతుంటారు. అంత హడావుడిలో జాగ్రత్త గుర్తు తెచ్చుకుని పాటించడం కుదరదు. అది చేతికి అలవాటై ఉండాలి. కింద చెప్పినవన్నీ శివరాత్రి నాటికే మొదలుపెట్టమనేది అందుకే.

ముందు సజ్జ సంగతి. పాత ఇళ్లలో ఏసీ బయటి పెట్టె (అవుట్‌డోర్) కిటికీ సజ్జ మీదో, గోడకు బిగించిన యాంగిల్ స్టాండ్ మీదో ఉంటుంది. సజ్జ వేసింది ఎండా వానా ఆపడానికి, మనిషిని మోయడానికి కాదు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి లోపలి కడ్డీ తుప్పు పట్టి ఉబ్బుతుంది, అడుగున సిమెంటు పెచ్చులుగా ఊడుతుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. కింద నిలబడి సజ్జ అడుగు చూడండి. తుప్పు మరక, పొడవాటి పగులు, బయటపడ్డ కడ్డీ, వీటిలో ఏది కనిపించినా కాలు పెట్టొద్దు. స్టాండ్‌ను తుప్పు ముందుగా తినేది యాంకర్ బోల్టు చుట్టూ, వాషర్ వెనకాల. పైన పెయింటు నిగనిగలాడుతున్నా అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో గీకితే పొరలు పొరలుగా రాలుతుంది. అలాంటి స్టాండ్ మార్చాకే మిగతా పని.

నడుము బెల్టును నమ్ముకోవద్దు, ఒళ్లంతా పట్టే హార్నెస్ వేసుకోండి. దాని కొక్కెం కిటికీ గ్రిల్‌కి తగిలించకండి. గ్రిల్ నిలబడేది నాలుగు స్క్రూల మీద. మేడ మీది కాంక్రీటు స్తంభానికి తాడు కట్టి, దానికి తగిలించండి. కింద పిల్లలు తిరగకుండా ఇంటివాళ్లలో ఒకరిని నిలబెట్టండి.

కరెంటు విషయంలో రిమోట్‌తో ఆపితే ఆపినట్టు కాదు. ఎంసీబీ (బోర్డులో ఏసీకి కరెంటు తెంపే స్విచ్) దించి, పని జరుగుతోందని దాని మీద టేపు అంటించండి. పాత వైరింగ్‌లో ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటే సింగిల్ పోల్ ఎంసీబీ న్యూట్రల్‌ను మాత్రమే తెంపుతుంది, మెషిన్‌లో ఫేజు అలాగే ఉంటుంది. కాబట్టి అవుట్‌డోర్ టెర్మినల్ దగ్గర మల్టీమీటర్ పెట్టి ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడూ చూడండి. సప్లై తీసినా కరెంటు నిల్వ ఉండే కెపాసిటర్‌ను ఖాళీ చేయడానికి స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు మానండి. 20 కిలో ఓమ్స్, 5 వాట్ల రెసిస్టర్‌కి రెండు వైర్లు అతికించి సంచిలో ఉంచుకుని, దాంతో ఖాళీ చేస్తే సరిపోతుంది. ఇన్వర్టర్ ఏసీ బోర్డులో డీసీ 300 వోల్టులు దాటుతుంది. సప్లై తీసి పది నిమిషాలు ఆగాక, ఆ పెద్ద కెపాసిటర్ల మీద వోల్టేజీ చూసుకునే చెయ్యి పెట్టండి.

ఇల్లు మారేవాళ్ల ఏసీ విప్పేటప్పుడు చేసే పంప్ డౌన్‌ను, అంటే గ్యాస్‌ను అవుట్‌డోర్‌లోకి లాగి మూసేయడాన్ని, చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అది కంప్రెసర్ పేలే పని. సన్న పైపు వాల్వ్ ముందు మూయాలి, ఒత్తిడి చూపే గేజి సున్నా దగ్గరికి రాగానే లావు పైపు వాల్వ్ మూయాలి, ఆ క్షణమే సప్లై ఆపాలి. కంప్రెసర్ తిరుగుతుండగా పైపు బిగించే ఫ్లేర్ నట్ వదులు చేసినా, గేజి హోస్ వదులుగా ఉన్నా లోపలికి గాలి పీల్చుకుంటుంది. గాలి, ఆయిల్ ఆవిరి కలిసి నలిగితే డీజిల్ ఇంజన్‌లోలాగే అంటుకుంటుంది. ఇక్కడ ఆ దెబ్బకు చీలేది కంప్రెసర్ డొప్ప. గ్యాస్ మొత్తం లీకైపోయిన మెషిన్‌కి పంప్ డౌన్ చేయనే వద్దు, ఉన్న కాస్తా సిలిండర్‌లోకి తీసి (రికవర్ చేసి) విప్పండి.

లీకు టెస్టుకు నైట్రోజనే వాడాలి, అదీ రెగ్యులేటర్‌తోనే. నైట్రోజన్ అయిపోయిందని పక్కనే ఉన్న వెల్డింగ్ ఆక్సిజన్ ఎక్కిస్తే ఆయిల్ తగిలి పేలుతుంది. ఒక్కసారికే కదా అని కూడా వద్దు.

ఏసీలో చల్లదనం ఇచ్చే గ్యాస్ పేరు నేమ్ ప్లేటు మీద చదివాకే హోస్ తగిలించండి. ఆర్-22 మండదు. ఆర్-32 నెమ్మదిగా మండుతుంది. ఆర్-290 అంటే ప్రొపేన్, గాల్లో రెండు శాతం చేరితే చాలు, నిప్పు తగలగానే అంటుకుంటుంది. గాలికన్నా బరువు కాబట్టి నేల మీదే పేరుకుంటుంది. ఆర్-22 మెషిన్‌లో ఆర్-290 గానీ వంట గ్యాస్ గానీ పట్టొద్దు. ఏ మెషిన్‌కైనా గ్యాస్ పూర్తిగా తీసి, తలుపులు తెరిచాకే పైపులు అతికే గ్యాస్ టార్చ్ వెలిగించండి. ఆర్-22, ఆర్-32 లాంటి గ్యాస్ ఉండగా మంట పెడితే విషవాయువు పుడుతుంది. సిలిండర్‌ను బైక్ మీద ఎండలో వదలొద్దు. 50 డిగ్రీల వేడికి ఆర్-32 సిలిండర్‌లో ఒత్తిడి సుమారు 440 పీఎస్ఐ అవుతుంది.

ఇక ఎండ. లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి సంచిలో పెట్టుకోండి, ఉప్పు వేసిన మజ్జిగైనా సరే, దాహం వేయకముందే తాగండి. హెల్పర్ మాట తడబడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డలతో తుడుస్తూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయొద్దు. పన్నెండు నుంచి నాలుగు మధ్య మేడ మీది పనికి రమ్మంటే, ‘పొద్దున ఆరుకల్లా వస్తామండీ, ఈ ఎండలో పైకెక్కలేం’ అని చెప్పండి. చాలామంది సరేనంటారు.