ఇంగ్లీషులో క్యాన్, కుడ్, మస్ట్, షుడ్ సరిగ్గా వాడటం ఎలా?

‘ఐ క్యాన్ ఏబుల్ టు డూ మేడమ్.’ ఇంటర్వ్యూకి తయారవుతూ నా దగ్గరికి వచ్చే పిల్లల నోట మొదటి రోజే వినిపించే వాక్యం ఇది. 18 ఏళ్ళుగా స్పోకెన్ ఇంగ్లీషు చెప్తున్నాను. పిల్లలు మారారు, ఫోన్లు మారాయి, ఈ వాక్యం మాత్రం మారలేదు. తెలివి తక్కువై చేసే తప్పు కాదిది. బళ్ళో పట్టిక బట్టీ పట్టించారు గానీ, తెలుగు క్రియ చివర ఏముందో వినమని ఎవరూ చెప్పలేదు. నేను చెప్పే పద్ధతంతా ఆ వినడం మీదే ఉంటుంది.

కావలసినవి: ఒక రూళ్ళ నోటుపుస్తకం, పెన్ను, రోజుకి పావుగంట. ఫోన్లో రాయొద్దు. అది మీరు తప్పు రాయకముందే దిద్దేస్తుంది, మీకేమీ అంటదు.

మొదటి పని, తొమ్మిది మాటలు రాసుకోండి: క్యాన్, కుడ్, మే, మైట్, మస్ట్, షల్, షుడ్, విల్, వుడ్. వీటినే మోడల్స్ అంటారు. వీటి తర్వాత ఉత్త క్రియే వస్తుంది. మధ్యలో ‘టు’ ఉండదు, చివర ‘ఎస్’ గానీ ‘ఇంగ్’ గానీ తగలదు. రెండు మోడల్స్ పక్కపక్కన కూర్చోవు. ప్రశ్న అడగడానికి ‘డూ’ అక్కర్లేదు, మోడల్‌నే ముందుకు లాగితే చాలు. ‘క్యాన్’ అన్నా ‘ఏబుల్ టు’ అన్నా ఒకటే పని గనక ఏదో ఒకటి చాలు. ఇంతే, గంటలో వచ్చేస్తుంది.

రెండో పని, తెలుగు చివర్లని పట్టుకోవడం. మన భాషలో ఈ అర్థాలన్నీ క్రియ తోకలో ఉంటాయి. ‘చెయ్యగలను’లో ‘గల’ వినిపిస్తే క్యాన్. ‘వెళ్ళొచ్చు’లో ‘వచ్చు’ వినిపిస్తే ఆగి, అది అనుమతా, ఊహా అని అడగండి. ‘మీరు ఇక వెళ్ళొచ్చు’ అనుమతి, దానికి క్యాన్ గానీ మే గానీ సరే. ‘సాయంత్రం వాన రావొచ్చు’ ఊహ, దానికి మే, మైట్. ఇక్కడ ‘ఇట్ క్యాన్ రెయిన్’ అనకూడదు. ‘వెళ్ళాలి’లో ‘ఆలి’ పాత ‘వలెను’ నుంచి వచ్చింది, తెలంగాణ వాళ్ళ ‘పోవాలె’లో ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. తప్పనిసరైతే మస్ట్ లేదా హ్యావ్ టు, సలహా అయితే షుడ్.

వ్యతిరేకం దగ్గర తెలుగు మనకి పెద్ద సాయం చేస్తుంది. ‘రాకూడదు’ వేరు, ‘రానక్కర్లేదు’ వేరు. మొదటిది మస్ట్ నాట్, రెండోది డోంట్ హ్యావ్ టు. ఇంత చక్కటి తేడా ఇంట్లోనే పెట్టుకుని, మస్ట్‌కి వ్యతిరేకం మస్ట్ నాట్ అని బట్టీ పట్టి, శ్రమపడి రానక్కర్లేదన్న అర్థంలో అతిథికి ‘యు మస్ట్ నాట్ కమ్’ అని రాసేవాళ్ళని చూశాను. ఆ అతిథికి అది గడప తొక్కొద్దన్నట్టే వినిపిస్తుంది.

కొన్నాళ్ళు ఆన్‌లైన్‌లో బ్రెజిల్ వాళ్ళకి కూడా చెప్పాను. వాళ్ళ పోర్చుగీసులో ‘పొదేర్’ అనే ఒక్క క్రియ చెయ్యగలగడానికీ, అనుమతికీ, ఊహకీ మూడింటికీ పనికొస్తుంది. అందుకే క్యాన్, మే, మైట్ మధ్య తడబడతారు. ఆ క్రియని భవిష్యత్తులోనూ వాడతారు గనక ‘ఐ విల్ క్యాన్’ అనేస్తారు. వాళ్ళ తప్పు వాళ్ళ ఇంట్లోంచి వస్తుంది, మన తప్పు మన ఇంట్లోంచి వస్తుంది. అందరికీ ఒకే పుస్తకం పెట్టి చెప్పే పద్ధతి నాకు అందుకే గిట్టదు.

మూడో పని దగ్గర మాత్రం నెమ్మదించండి. జరిగిపోయిన సంగతి చెప్పడం. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే.

బళ్ళో ఒక పట్టిక ఇస్తారు: క్యాన్‌కి పాస్ట్ కుడ్, మేకి మైట్, షల్‌కి షుడ్, విల్‌కి వుడ్. పుట్టుక రీత్యా నిజమే. కుడ్ స్పెల్లింగులో పలకని ‘ఎల్’ కూడా పుట్టుకతో వచ్చింది కాదు, వుడ్, షుడ్‌లలో ఉంది కదా అని 15, 16 శతాబ్దాల్లో దీనికీ తగిలించారు. కానీ ఈనాటి వాడుకలో ఆ పట్టికని నమ్ముకుంటే మునుగుతారు. నా విద్యార్థి ఒకడు పనంతా ముగించి ‘ఐ కుడ్ ఫినిష్ ద రిపోర్ట్’ అని మేనేజరుకి మెయిల్ పెట్టాడు. ‘సరే, ముగించు’ అని జవాబొచ్చింది. వీడు ముగించగలిగానన్నాడు, ఆయన కావాలంటే ముగించగలనని చదువుకున్నాడు. రాత్రి రెండింటి దాకా మేలుకుని చేసిన పని చెయ్యనట్టయింది.

మళ్ళీ తెలుగు తోకే వినండి. ‘చిన్నప్పుడు చెరువు ఆ ఒడ్డుదాకా ఈదగలిగేదాన్ని’ అంటే ఎప్పుడూ ఉన్న సామర్థ్యం, అక్కడ కుడ్ సరే. ‘నిన్న తత్కాల్‌లో టికెట్ తీసుకోగలిగాను’ అంటే ఒక్కసారి జరిగిన పని, అక్కడ ‘వాజ్ ఏబుల్ టు’ లేదా ‘మేనేజ్డ్ టు’. ‘గలిగేదాన్ని, గలిగేవాణ్ణి’ అయితే కుడ్, ‘గలిగాను’ అయితే కుడ్ వద్దు. ‘చెయ్యలేకపోయాను’ అన్నప్పుడు మాత్రం కుడ్ నాట్ ఎక్కడైనా చెల్లుతుంది. కనిపించింది, వినిపించింది లాంటి మాటలకీ కుడ్ ఫర్వాలేదు. బ్రెజిల్ వాళ్ళకి ‘కొన్సెగీ’ అంటే చెయ్యగలిగాను, ‘కొన్సెగియా’ అంటే చెయ్యగలిగేవాణ్ణి. వాళ్ళ భాషలోంచే చూపించగానే పాఠం ఇట్టే ఎక్కింది.

ఇక మస్ట్. దానికి తనదంటూ పాస్ట్ రూపం లేదు. అందుకని ‘వెళ్ళాలి’ నిన్నటి సంగతైతే తెలుగులో ఏమవుతుందో జాగ్రత్తగా చూడండి. ‘వెళ్ళాల్సొచ్చింది’ అంటే వెళ్ళారు, హ్యాడ్ టు గో. ‘వెళ్ళాల్సింది’ అని నిట్టూరిస్తే వెళ్ళలేదు, షుడ్ హ్యావ్ గాన్. ‘ఈపాటికి వెళ్ళిపోయే ఉంటాడు’ అంటే చూడకుండానే గట్టిగా ఊహిస్తున్నారు, మస్ట్ హ్యావ్ గాన్. ‘వెళ్ళి ఉండొచ్చు’ అంటే ఊహ పలచబడింది, మే హ్యావ్ లేదా మైట్ హ్యావ్. ‘వెళ్ళగలిగేవాడే, వెళ్ళలేదు’ అంటే కుడ్ హ్యావ్. ఈ అయిదింటినీ మొదటి మూడు రోజులు కలిపి చెయ్యకండి. ముందు ‘వెళ్ళాల్సొచ్చింది’, ‘వెళ్ళాల్సింది’, ఈ రెండే. ‘ఐ మస్ట్ హ్యావ్ గాన్ టు హాస్పిటల్ ఎస్టర్డే’ అంటే వినేవాళ్ళకి ఆస్పత్రికి వెళ్ళాల్సొచ్చిందని అర్థం కాదు, వెళ్ళానో లేదో మీకే గుర్తులేదని అర్థమవుతుంది.

ఇంకొక గుంట ఉంది. ‘వెళ్ళుండడు’ అనే గట్టి ఊహకి మస్ట్ నాట్ హ్యావ్ అని పెట్టకండి, కాంట్ హ్యావ్ గాన్ అనండి. నోటితో అన్నప్పుడు ‘షుడ్ హ్యావ్’ని ‘షుడవ్’ అని కలిపేయండి. విడివిడిగా నొక్కితే వినేవాళ్ళకి సహజంగా అనిపించదు. రాసేటప్పుడు మాత్రం ‘హ్యావ్’ పూర్తిగా ఉండాలి.

వుడ్ సంగతి క్లుప్తంగా చెప్తాను. ‘ఐ వుడ్ బి కమింగ్ టుమారో’ మనవాళ్ళకి మర్యాదగా తోస్తుంది. రేపు వస్తున్నారు కదా, విల్ అనండి. మనసులో ‘ఒకవేళ’ ఉంటేనో, ‘సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్ళేవాళ్ళం’ లాంటి పాత అలవాటు చెప్తుంటేనో వుడ్. నా దగ్గర చేరినవాళ్ళకి మొదటి రెండు వారాలు మామూలు వాక్యాల్లో వుడ్ నిషేధం. షల్ అయితే ‘షల్ వి స్టార్ట్’ లాంటి ప్రశ్నలకి తప్ప ఎప్పుడూ వద్దు.

మర్యాద వేరే చోట ఉంది. మనకి ‘మీరు’, ‘అండీ’, ‘గారు’ ఉన్నాయి. ఇంగ్లీషులో ‘యు’ ఒక్కటే గనక ఆ బరువులో కొంత ‘కుడ్ యు’, ‘వుడ్ యు’ మోస్తాయి. ‘ఆ ఫైలు కాస్త పంపిస్తారా అండీ’ అనాలంటే ‘కుడ్ యు సెండ్’ అనండి. పెద్దవాళ్ళకి రాసే మెయిల్లో ‘యు మస్ట్ సెండ్’ అంటే ఏకవచనంలో పిలిచినంత మొరటు.

రోజూ పడుకునే ముందు ఆ రోజు జరిగినవాటిలోంచి అయిదు వాక్యాలు తెలుగులో రాసి, ఒక్కొక్క దాని తోక కింద గీత గీయండి. ఆ తర్వాతే ఇంగ్లీషు రాయండి. మూడు వారాలు, ఒక్క రోజూ మానకుండా. గీత గీయకుండా రాసిన పేజీ తెస్తే నేను దిద్దను, వెనక్కి ఇచ్చేస్తాను.