ఎక్స్ఛేంజ్ సర్వర్‌లో మెయిల్స్ పోయాయా? లాగ్ ఫైళ్ల జోలికి మాత్రం వెళ్లకండి

ఆఫీసు మెయిల్స్‌ను నడిపే మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్‌లో మెయిల్స్ పోయాయని ఫోన్ రాగానే ముందు ఒక్కటి తేల్చుకోండి: పోయింది కొన్ని మెయిల్సా, ఒకరి మెయిల్‌బాక్సా, మెయిల్‌బాక్సులు ఉండే మొత్తం డేటాబేసా? మూడింటికీ దారులు వేరు.

సమస్య: ఒకరి మెయిల్స్ కనబడటం లేదు

షిఫ్ట్ నొక్కి డిలీట్ చేసినా మెయిల్ వెంటనే పోదు. సెట్టింగ్ మార్చకపోతే 14 రోజులు సర్వర్‌లోనే ఉంటుంది. అవుట్‌లుక్‌లో ‘రికవర్ డిలీటెడ్ ఐటమ్స్ ఫ్రమ్ సర్వర్’ నొక్కితే చాలు.

సమస్య: మెయిల్‌బాక్సే లేదు

ఉద్యోగం మానేసినవారి అకౌంట్ తీసేశాక, ఆయన పంపిన కొటేషన్ కావాలని అకౌంట్స్ సెక్షన్ అడగడం మామూలే. తీసేసిన మెయిల్‌బాక్స్ డిఫాల్ట్‌గా 30 రోజులు డేటాబేస్‌లో ఉంటుంది. మెయిల్‌బాక్స్ లేని యూజర్ అకౌంట్‌కు దాన్ని ‘కనెక్ట్ మెయిల్‌బాక్స్’ కమాండ్‌తో తగిలించండి.

సమస్య: డేటాబేస్ మౌంట్ కావడం (తెరుచుకోవడం) లేదు

అసలు టెన్షన్ ఇక్కడే. ఎక్స్ఛేంజ్ ప్రతి మార్పునూ ముందు 1 ఎంబీ లాగ్ ఫైళ్లలో రాసుకుంటుంది, తర్వాతే అసలు డేటాబేస్ అయిన ఈడీబీ ఫైల్‌లోకి ఎక్కిస్తుంది. పాత లాగ్‌లను సర్వరే తీసేసే ‘సర్క్యులర్ లాగింగ్’ పెట్టుకోకపోతే, బ్యాకప్ సరిగ్గా పూర్తయ్యాకే పాత లాగ్‌లు తొలగిపోతాయి. బ్యాకప్ ఫెయిలవుతున్నా ఎవరూ గమనించకపోతే డ్రైవ్ నిండి డేటాబేస్ డిస్‌మౌంట్ అవుతుంది. అప్పుడు జాగా కోసం ఎవరో లాగ్‌లు డిలీట్ చేస్తారు. అప్పటిదాకా ఏమీ కాని డేటాకు నిజంగా ముప్పు వచ్చేది అప్పుడే. దయచేసి ఆ పని ఎవరినీ చేయనివ్వకండి.

ముందు ఈడీబీని, లాగ్‌లన్నిటినీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. తర్వాత ఎక్స్ఛేంజ్‌తో వచ్చే ఈఎస్ఈ యుటిల్ (eseutil) కమాండ్‌ను ఎంహెచ్ (/mh) స్విచ్‌తో నడిపి ‘స్టేట్’ వరుస చూడండి. ‘డర్టీ షట్‌డౌన్’ అని ఉంటే ఫైల్ పాడైపోయిందని కంగారు పడకండి. కొన్ని మార్పులు ఇంకా లాగ్‌లలోనే ఉన్నాయని అర్థం. కావాల్సిన లాగ్‌లేవో ‘లాగ్ రిక్వైర్డ్’ వరుస చెబుతుంది. అక్కడ 4389-4392 అని ఉంటే ఆ నంబర్లతో ఫైళ్లు వెతికి, లేవనుకునేవాళ్లే ఎక్కువ. ఫైళ్ల పేర్లు హెక్సాడెసిమల్‌లో (16 ఆధారంగా లెక్కించే సంఖ్యల్లో) ఉంటాయి కాబట్టి వెతకాల్సింది 1125 నుంచి 1128 వరకు. చివరిదానికి నంబరు లేకుండా ఈ00 అనే పేరే ఉండొచ్చు.

అన్నీ దొరికితే అదే కమాండ్‌ను ఆర్ (/r) స్విచ్‌తో నడిపి, లాగ్‌లలోని మార్పులను డేటాబేస్‌లోకి ఎక్కించండి. దీన్ని సాఫ్ట్ రికవరీ అంటారు. ‘క్లీన్ షట్‌డౌన్’ వచ్చాక మౌంట్ చేయండి.

లాగ్‌లు దొరకకపోతే బ్యాకప్పే దిక్కు. ఈలోగా పని ఆగకుండా ఖాళీ డేటాబేస్ ఒకటి మౌంట్ చేసి అందరికీ మెయిల్ రాకపోకలు తెరవండి. దీన్నే డయల్ టోన్ రికవరీ అంటారు. బ్యాకప్‌ను రికవరీ డేటాబేస్‌లోకి (పాత డేటా బయటికి తీయడానికే వాడేది) తెచ్చి, ‘న్యూ మెయిల్‌బాక్స్ రిస్టోర్ రిక్వెస్ట్’తో ఒక్కో మెయిల్‌బాక్స్‌నూ నింపండి. ఖాళీ మెయిల్‌బాక్స్‌కు అవుట్‌లుక్ కనెక్ట్ కాకముందే, ముఖ్యమైనవారి కంప్యూటర్లలో అవుట్‌లుక్‌ను ఆఫ్‌లైన్‌లో తెరిచి, మెయిల్స్‌ను పీఎస్‌టీకి (అవుట్‌లుక్ మెయిల్స్ దాచే ఫైల్) ఎక్స్‌పోర్ట్ చేయించండి. బ్యాకప్ తర్వాత వచ్చిన మెయిల్స్ అక్కడ ఉండే అవకాశం ఉంది.

ఈఎస్ఈ యుటిల్ పీ (/p) స్విచ్‌తో చేసే రిపేర్‌ను అందరూ మొదట పట్టుకుంటారు. నన్నడిగితే బ్యాకప్ కూడా లేనప్పుడే దాని మాట ఎత్తాలి. బాగుచేయలేని పేజీలను అది తీసి పారేస్తుంది, వాటిలోని మెయిల్స్ ఇక రావు. తప్పక వాడితే, మౌంట్ అయిందని అలాగే వదిలేయకండి. మెయిల్‌బాక్సులన్నిటినీ కొత్త డేటాబేస్‌కు మార్చి, అదే రోజు ఫుల్ బ్యాకప్ తీయండి. రిపేర్‌కు ముందటి బ్యాకప్‌పై కొత్త లాగ్‌లు ఎక్కవు.