పిల్లికి ఇంటి తిండి వండడం ఎలా? ఉడికించిన చికెన్ ఒక్కటే చాలదు

పోయినేడాది మా ఎదురింటి పిల్లి కూన మంచం మీంచి దూకి కాలు విరగ్గొట్టుకుంది. దానికి నాలుగు నెలలే. ఎక్స్‌రేలో ఎముకలు ఎంత పల్చబడ్డాయంటే చుట్టూ ఉన్న కండకీ వాటికీ తేడా తెలియలేదు. పాలు మానినప్పటి నుంచి వాళ్లు ప్రేమగా పెట్టింది బోన్‌లెస్ చికెనే. అందుకే కూనలకు ఇంటి వంట వద్దంటాను, కిట్టెన్ ఫుడ్ కొనండి. కిడ్నీ జబ్బున్న పిల్లికి కూడా ఈ ఇంటి వంట పనికిరాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లికైతే ఇలా చేయండి.

స్కిన్‌లెస్ తొడ మాంసం 750 గ్రాములు, కోడి గుండెకాయలు 200 గ్రాములు, లివర్ 50 గ్రాములు. బ్రెస్ట్ కొనొద్దు, పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం తొడలోనే ఎక్కువ. ఇష్టంగా తింటోందని లివర్ పెంచొద్దు. నెలల తరబడి ఎక్కువైతే విటమిన్ ఎ పేరుకుని మెడ ఎముకలు అతుక్కుపోతాయి. అలాగని మానేసి క్యారెట్ వేస్తే లాభం లేదు, క్యారెట్ నుంచి విటమిన్ ఎ తయారు చేసుకోవడం పిల్లి ఒంటికి చేతకాదు. ఉల్లి, వెల్లుల్లి విషం. పెరుగన్నం కలపొద్దు.

ముక్కలు మునిగీ మునగనట్టు నీళ్లు పోసి, లోపలి ఎరుపు పోయేదాకా ఉడికించండి. ఆ నీళ్లు పారబోయకండి, టారిన్ అందులోకి దిగుతుంది. అది తక్కువైతే కంటి రెటీనా పాడవుతుంది, గుండె బలహీనపడుతుంది. గుండె సంగతి 1987లో అమెరికా పశువైద్యులు బయటపెట్టారు. చల్లారాక 2 గ్రాముల టారిన్ పొడి కలపండి.

పచ్చిగా పెట్టడమే సహజం అనేవాళ్లతో నాకు పడదు. 2025 మొదట్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో పెంపుడు పిల్లులకు బర్డ్ ఫ్లూ వచ్చింది, ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్లకూ వచ్చింది. పచ్చి మాంసంతో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా మన చేతులకూ అంటుతుంది. కొన్ని పచ్చి చేపల్లోని ఎంజైమ్ అయితే విటమిన్ బి1నే నాశనం చేస్తుంది. వండితే పోయే ప్రమాదాన్ని పళ్లెంలో ఎందుకు పెట్టాలి?

ఇక అందరూ పాడుచేసేది కాల్షియం దగ్గరే. మాంసంలో ఫాస్ఫరస్ బోలెడు, కాల్షియం దాదాపు లేనట్టే. కాల్షియం ఫాస్ఫరస్‌కి సమానంగానో, కాస్త ఎక్కువగానో ఉండాలి. లేకపోతే రక్తానికి కావలసిన కాల్షియాన్ని ఒళ్లు ఎముకల్లోంచి లాక్కుంటుంది. పైకి పిల్లి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల ఎముక కరుగుతుంటుంది.

ఉడికించిన ఎముకలు వేయొద్దు, చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. మనం మింగే కాల్షియం మాత్రలూ వద్దు, వాటిలో చాలావాటికి విటమిన్ డి కలుపుతారు, ఎక్కువైతే పిల్లికి ప్రమాదం. గుడ్డు పెంకులే మేలు. పది నిమిషాలు మరిగించి, లోపలి పొర తీసి, ఎండబెట్టి, మిక్సీ పట్టి, పల్చటి గుడ్డలో జల్లించండి. రెండు వేళ్ల మధ్య రుద్దితే ముఖానికి రాసుకునే పౌడర్‌లా జారాలి. గరగర తగిలితే మళ్లీ మిక్సీలో వేయాల్సిందే.

కిలో పచ్చి మాంసానికి ఐదున్నర గ్రాముల పెంకుల పొడి. మాంసాన్ని వండకముందే తూచాలి. స్పూన్ లెక్క నేను ఒప్పుకోను, ఒక్కో ఇంట్లో స్పూన్ ఒక్కో సైజు. గ్రాములో పదో వంతు చూపించే చిన్న డిజిటల్ కాటా కొనండి.

ఇంత చేసినా విటమిన్ ఇ, జింక్, అయోడిన్ లాంటివి చాలవు. 2019లో కాలిఫోర్నియా డేవిస్ యూనివర్సిటీవాళ్లు పిల్లుల ఇంటి వంటకాలు లెక్కగట్టి చూస్తే, పోషకాలన్నీ సరిపోయింది ఒక్కటీ లేదు. కాబట్టి ఈ కొలతలు వెటర్నరీ డాక్టర్‌కి చూపించి, పిల్లుల కోసం చేసిన విటమిన్-మినరల్ పొడి రాయించుకోండి. డబ్బా మీద కాల్షియం, టారిన్ ఉన్నాయేమో చదవండి. ఉంటే పెంకుల పొడి, టారిన్ మళ్లీ ఎంత వేయాలో, అసలు వేయాలో వద్దో ఆయన్నే అడగండి.

నాలుగు కిలోల పిల్లికి రోజుకు పచ్చి తూకంలో 150-180 గ్రాములు. రెండు రోజులది ఫ్రిజ్‌లో, మిగతాది ఫ్రీజర్‌లో. నెలకోసారి పిల్లిని తూచండి.