మెయిల్‌కు రంగు పడట్లేదా? పైనున్న రూల్ తెరవండి

ఫోల్డర్లు వద్దనుకుని ఔట్‌లుక్‌లో కేటగిరీలు, అంటే మెయిల్స్‌కు రంగు గుర్తులు పెట్టుకున్నారు, ఏ మెయిల్‌కు ఏ రంగు పడాలో చెప్పే రూల్స్ రాసుకున్నారు. అయినా కొన్ని మెయిల్స్‌కు రంగు పడట్లేదు. నల్లగొండ చుట్టుపక్కల ఏ ఆఫీసుకు పోయినా నేను వినేది ఇదే.

దేనికీ పడట్లేదు

రూల్ పేరు పక్కన టిక్ ఉందా? మీరు చూస్తున్నవి పాత మెయిల్సా? రూల్ కొత్తగా వచ్చేవాటి మీదే పనిచేస్తుంది, పాతవాటికి ‘రన్ రూల్స్ నౌ’ నొక్కాలి. ఈ రెండూ చూడకుండానే ఫోన్ చేస్తారు, నేను ఎండలో బండేసుకుని పోయి ఒక టిక్ పెట్టి వస్తాను. జీమెయిల్‌ను ఐమ్యాప్ (వేరే మెయిల్ ఖాతాను ఔట్‌లుక్‌లో చూసుకునే పద్ధతి) ద్వారా కలుపుకున్నవాళ్లయితే వెతక్కండి, అక్కడ కేటగిరీలు పనిచేయవు.

ఒక రంగు పడుతోంది, రెండోది పడట్లేదు

నన్ను బాగా తిప్పింది ఇదే. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసు. చెన్నై పార్టీ నుంచి మెయిల్ వస్తే నీలం, సబ్జెక్టులో పేమెంట్ అని ఉంటే ఎరుపు. చెన్నై పార్టీ పేమెంట్ గురించి రాస్తే రెండూ పడాలి కదా, నీలం ఒక్కటే పడేది. ఎరుపు రూల్‌లో అక్షరం అక్షరం చూశాను, తప్పు లేదు. చివరికి దాన్ని బాణం గుర్తుతో పైకి జరిపితే ఎరుపు వచ్చింది. చాయ్ తాగి వచ్చేశాను. తెల్లారే అకౌంటెంట్ ఫోన్: “అన్నా, ఎరుపొచ్చింది గానీ నీలం పోయింది.”

రెండు రూల్స్‌లోనూ ‘స్టాప్ ప్రాసెసింగ్ మోర్ రూల్స్’ అనే టిక్ ఉంది. పైన ఏది ఉంటే అది తన పని చేసి, కిందివాటిని ఆపేస్తోంది. ఫోల్డర్ల కాలంలో ఆ టిక్ సరైనదే. మెయిల్ ఒక ఫోల్డర్‌లోకి పోయాక ఇంకో రూల్‌కు దానితో పని లేదు. ఆ పాత రూల్స్‌నే కేటగిరీలకు మార్చుకుంటే టిక్ కూడా వెంట వస్తుంది. వెబ్ ఔట్‌లుక్‌లోనైతే కొత్త రూల్ రాసేటప్పుడే అది పెట్టి ఉంటుంది. రూల్‌ను విడిగా పరీక్షిస్తే చక్కగా పనిచేస్తుంది కాబట్టి అనుమానమే రాదు.

అందుకే రంగు పడని రూల్‌ను చూడకండి. ఆ మెయిల్‌కు ఇప్పటికే ఏ రంగు పడిందో చూసి, ఆ రంగు వేసిన రూల్‌ను తెరవండి. కేటగిరీ వేసే రూల్స్ అన్నింటిలో టిక్ తీసేయండి. ప్రకటనల్లాంటివి డిలీట్ చేసే రూల్స్‌కు ఉంచి, వాటిని వరసలో అన్నింటికన్నా పైన పెట్టండి. తర్వాత ఇన్‌బాక్స్ మీద ఒకసారి రన్ చేయండి.

సంబంధం లేనివాటికి పడుతోంది

రూల్‌లో ఇచ్చిన మాట ఇంకో మాట మధ్యలో ఉన్నా పట్టుకుంటుంది. ఇంగ్లిష్‌లో పాన్ అని మూడక్షరాలు ఇచ్చారనుకోండి, కంపెనీ అన్న ప్రతి మెయిల్‌కూ రంగే. పాన్ కార్డ్ అని పూర్తిగా రాయండి.

ఆఫీసులో సిస్టమ్ ఆన్ చేస్తేనే పడుతోంది

ఆ రూల్‌లో శబ్దం చేయమనో, ప్రింట్ తీయమనో కూడా పెట్టి ఉంటారు. అలాంటివి ఔట్‌లుక్ తెరిచి ఉంటేనే నడుస్తాయి. దాన్ని వేరే రూల్‌గా విడదీయండి.

రూల్స్ కోటా నిండడం, ఫైలు పాడవడం లాంటివి ఉన్నాయి గానీ చాలా అరుదు. ఎవరో చెప్పారని క్లీన్‌రూల్స్ కమాండ్ మాత్రం కొట్టకండి, రాసుకున్న రూల్స్ అన్నీ పోతాయి.