ఇంగ్లండ్‌లో అమ్మానాన్నల ఎల్‌పీఏ: ఎక్కడ ఆగింది, ఎలా కదిలించాలి

రేపు మతిమరుపో పక్షవాతమో వచ్చి సొంతంగా నిర్ణయాలు తీసుకోలేకపోతే, తన తరఫున ఎవరు చూసుకోవాలో ఇప్పుడే రాసిపెట్టే పత్రం లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ (ఎల్‌పీఏ). ఇంగ్లండ్, వేల్స్‌లలో 2007 అక్టోబరు నుంచి ఉంది. స్కాట్లండ్ పద్ధతి వేరు.

సమస్య: ఫారం తిరిగొచ్చింది

ముందు సంతకాల తేదీలు చూడండి. మొదట రాసిచ్చే మనిషి, తర్వాత సర్టిఫికెట్ ప్రొవైడర్ (రాసిచ్చే మనిషికి పత్రం అర్థమైందని, ఎవరి ఒత్తిడీ లేదని ధ్రువీకరించేవారు), ఆఖర్న అటార్నీలు (ఆ మనిషి తరఫున నిర్ణయాలు తీసుకోబోయేవారు). అందరూ ఒకే రోజు పెట్టినా పర్వాలేదు, వరుస మాత్రం తప్పకూడదు. మన ఇళ్లలో ఇంకో పొరపాటూ జరుగుతుంది: ఇంట్లోనే ఉన్నాడు కదా అని అల్లుణ్ణి సర్టిఫికెట్ ప్రొవైడర్‌గా పెట్టేస్తారు. కుటుంబంలో ఎవరూ పనికిరారు. కనీసం రెండేళ్లుగా బాగా తెలిసిన స్నేహితులు గానీ, జీపీ (ఫ్యామిలీ డాక్టరు), సొలిసిటర్ (లాయరు) లాంటివాళ్లు గానీ కావాలి. అటార్నీగా ఉండబోయే కొడుకు నాన్న సంతకానికి సాక్షిగా ఉండకూడదు. ఎల్‌పీఏలు రిజిస్టర్ చేసే ప్రభుత్వ కార్యాలయం, ఆఫీస్ ఆఫ్ ద పబ్లిక్ గార్డియన్, పంపిన ఉత్తరంలో ఏం సరిచేయాలో ఉంటుంది, అది చేసి పంపండి.

సమస్య: బ్యాంకు ఒప్పుకుంది, ఆసుపత్రి ఒప్పుకోలేదు

ఆస్తి, డబ్బు వ్యవహారాలకు ఒక ఎల్‌పీఏ, ఆరోగ్యానికి ఇంకొకటి. మీ దగ్గర మొదటిదే ఉండి ఉంటుంది. రెండోది కూడా రాయించుకుని రిజిస్టర్ చేయించాలి. ఆ మనిషి తన నిర్ణయం తాను తీసుకోగలిగినంత కాలం ఆరోగ్య ఎల్‌పీఏ పనిచేయదు. అది లోపం కాదు, చట్టమే అంత.

సమస్య: ఇద్దరు అటార్నీల్లో ఒకరు పోయారు, రెండోవారి సంతకం చెల్లడం లేదు

"జాయింట్‌లీ" (ప్రతి నిర్ణయమూ అందరూ కలిసే తీసుకోవాలి) అని టిక్ పెట్టి ఉంటారు. ప్రత్యామ్నాయ అటార్నీ లేకపోతే పత్రమే రద్దయినట్టు. అమ్మకు ఇంకా స్పష్టత ఉంటే కొత్తది రాయించండి, ఈసారి "జాయింట్‌లీ అండ్ సెవరల్లీ" (కలిసైనా, విడివిడిగానైనా) అని. అన్నదమ్ముల మధ్య మాట పట్టింపు రాకూడదని మొదటిది ఎంచుకుంటారు గానీ, నన్నడిగితే రెండోదే మేలు.

సమస్య: డిమెన్షియా అని ఇప్పటికే తేలింది

అంతమాత్రాన దారి మూసుకుపోలేదు. సంతకం పెట్టే సమయానికి ఆ పత్రం ఏమిటో అర్థమైతే చాలు. పొద్దున పూట మనసు తేలిగ్గా ఉంటే అప్పుడే, తెలుగులోనే వివరంగా చెప్పండి. సర్టిఫికెట్ ప్రొవైడర్‌గా డాక్టరు ఉంటే తర్వాత గొడవలు తక్కువ. అర్థం చేసుకునే స్థితి దాటిపోతే ఇలాంటి వ్యవహారాలు చూసే కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్‌లో, మిమ్మల్ని డెప్యూటీగా (ఆ మనిషి తరఫున నిర్ణయాలు తీసుకునేవారిగా) నియమించమని అడగాలి. ఖర్చూ ఆలస్యమూ ఎక్కువ, ఏటా లెక్కలూ చెప్పాలి.

సమస్య: హైదరాబాద్ ఫ్లాట్ విషయంలో ఎల్‌పీఏ చెల్లదన్నారు

అది ఇంగ్లండ్ చట్టం కింద పుట్టిన పత్రం. "పోనీ, ఇండియాలో జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉంది కదా" అంటారు. చిక్కంతా అక్కడే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఏజెన్సీ, అంటే ఆయన తరఫున వ్యవహరించే అధికారం, ముగుస్తుంది. అంటే సరిగ్గా అవసరం పడేనాటికి జీపీఏ ఉండదు. నామినీ ఉన్నా లాభం లేదు, ఆ హక్కు మనిషి పోయాకే. అందుకే నాన్న బాగున్నప్పుడే బ్యాంకు ఖాతాలు "ఐదర్ ఆర్ సర్వైవర్" (ఉమ్మడి ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడపొచ్చు) చేయించండి. ఫ్లాట్ అమ్మాలా, గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేయాలా, ఉంచుకోవాలా అన్నది ఆయన్నే తేల్చమనండి. గిఫ్ట్ చేస్తే మామూలుగా వెనక్కి రాదు కాబట్టి ఇక్కడ తొందర వద్దు. స్పృహ తప్పి మంచాన పడ్డాక మిగిలే దారి హైకోర్టుకు వెళ్లి సంరక్షకుణ్ణి నియమించమని కోరడమే.