ఫొటో కంటే ముందు నంబరు: చిన్న మ్యూజియంలోని వస్తువులను డిజిటల్ చేయడం ఎలా

మీ ఊళ్లో చిన్న మ్యూజియం ఉన్నా, కాలేజీ చరిత్ర విభాగంలో బీరువా నిండా నాణేలూ రాగి రేకులూ ఉన్నా, డిజిటల్ చేద్దామనగానే అందరూ ఏ కెమెరా కొనాలనే అడుగుతారు. కెమెరా సంగతి తర్వాత, ముందు రిజిస్టరు తెరవండి.

ప్రతి వస్తువుకూ ఇంకే వస్తువుకూ లేని నంబరు ఇవ్వాలి: వచ్చిన సంవత్సరం, ఆ ఏడాది ఎన్నో విడత, అందులో ఎన్నో వస్తువు, అంటే 2024.3.2 లాగా. వస్తువు మీద పెన్నుతో రాయకండి, నూలు దారంతో చీటీ కట్టండి. తర్వాత ఎక్సెల్‌లో ఒక్కో వస్తువుకు ఒక్కో వరుస: ఏమిటది, దేనితో చేశారు, కొలతలు, బరువు, మీద ఏం రాసి ఉంది, ఎక్కడ విరిగింది, ఎవరిచ్చారు, ఇప్పుడు ఏ అరలో ఉంది. ఇది విసుగు పుట్టించే పనే, కానీ అసలు పని ఇదే. 2023లో బ్రిటిష్ మ్యూజియంలో దాదాపు 2,000 వస్తువులు పోయాయనో పాడయ్యాయనో బయటపడింది, వాటిలో చాలావాటికి సరైన నమోదే లేదు. ఆ తర్వాతే వాళ్లు ఐదేళ్లలో మొత్తం సేకరణను డిజిటల్ చేస్తామని ప్రకటించారు.

ఇక ఫొటో. రాగి శాసనాన్నే తీసుకోండి. ఎదురుగా ఫ్లాష్ కొడితే మెరుపు తప్ప అక్షరం కనపడదు. గది చీకటి చేసి, చిన్న ఎల్‌ఈడీ లైటును బల్లకు ఆనినంత కిందుగా, రేకు పక్క నుంచి వేయండి. గీత గీతకూ నీడ పడి, నున్నగా అనిపించిన చోట కూడా అక్షరాలు తేలతాయి. మిగతా మూడు వైపుల నుంచీ అలాగే తీయండి, ఎందుకంటే ఒక వైపు వెలుతురులో అడ్డగీతలు తేలితే నిలువు గీతలు మునిగిపోతాయి. రేకుల రెండు వైపులూ, వాటిని కలిపి గుచ్చిన కడియం, దాని మీది ముద్ర విడివిడిగా తీయండి. పక్కన స్కేలు, ఫొటోలో రంగులు సరిగ్గా వచ్చాయో లేదో పోల్చుకునే రంగుల కార్డు తప్పనిసరి. మెరిపిద్దామని చింతపండుతో మాత్రం తోమకండి దయచేసి, అక్షరాల అంచులు పోతే మళ్లీ రావు.

ఫైలు పేరు వస్తువు నంబరే కావాలి. అసలు ఫొటోను వివరాలు పోని టిఫ్ ఫైలుగా దాచి, పంచుకోవడానికి చిన్న సైజు జేపెగ్ చేసుకోండి. మూడు కాపీలు ఉండాలి, ఒకటి వేరే భవనంలో. 2018లో రియో డి జనీరోలోని నేషనల్ మ్యూజియం కాలిపోయాక, సందర్శకులు తీసుకున్న ఫొటోల కోసం కూడా విజ్ఞప్తి చేయాల్సి వచ్చింది.

ఆన్‌లైన్‌లో ఎలా పెట్టాలో చూడాలంటే 'మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా' పోర్టల్ తెరవండి. సాలార్‌జంగ్, నాగార్జునకొండ మ్యూజియంల వస్తువులు అందులో ఉన్నాయి, దాని వెనకున్న, మ్యూజియం వస్తువుల వివరాలు నమోదుచేసే 'జతన్' సాఫ్ట్‌వేర్‌ను పుణెలోని కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ తయారుచేసింది. మీ స్థాయికి ఎవరైనా ఉచితంగా వాడుకునే ఫొటోలుండే వెబ్‌సైట్ వికీమీడియా కామన్స్ చాలు, ఫొటో తీసినవాళ్ల రాతపూర్వక అనుమతి ఉంటే. వివరణ తెలుగులోనూ రాయండి, ఊరి పాత పేరూ కొత్త పేరూ రెండూ ఇవ్వండి, లేకపోతే ఆ ఊరివాళ్లకే వెతికితే దొరకదు.

ఒక్కటి మాత్రం బయట పెట్టకూడదు: వస్తువు దొరికిన కచ్చితమైన చోటు. ఊరి పేరు వరకు చాలు. ఫోన్‌తో తీస్తే ఫొటోలోనే లొకేషన్ నమోదవుతుంది కాబట్టి, అప్‌లోడ్ చేసే కాపీలో దాన్ని తీసేయండి, గుప్తనిధుల కోసం తవ్వేవాళ్లు కూడా ఇవి చూస్తారు.